ఎఱ్ఱదీపము వెలిగినపుడు

హైదరాబాదు నగరమునకు పడమట, గండిపేట చెఱువు కట్టకు దిగువన, మూసీనదికి చేరువలో నార్సింగి యున్నది. 1908 నాటి మూసీ వఱదల పిమ్మట నగరరక్షణకై తలపెట్టిన ఉస్మాన్ సాగరు 1920లో పూర్తియైనది. ఆ నాళ్లలో ఈ ప్రాంతపు బాటలపై నడచినవి చాలవఱకు ఎడ్లబండ్లే. బండికి బ్రేకు అనునది ఆనాడు పగ్గము పట్టిన మనిషి చేతిలోను, ఎద్దు మెడలోను ఉండెడిది. 2008లో అవుటర్ రింగు రోడ్డు తొలిభాగము గచ్చిబౌలి నుండి శంషాబాదు వఱకు తెఱవబడినది. 158 కిలోమీటర్ల ఆ వలయమార్గము నార్సింగి ప్రక్కనుండియే పోవుచున్నది. నార్సింగి 2018వ సంవత్సరము వఱకు గ్రామపంచాయతీయే. ఆ యేట పురపాలకసంఘమైనది. 2023లో అచటనే అవుటర్ మీదికి ఎక్కుటకును, దాని నుండి దిగుటకును మార్గము ప్రారంభింపబడినది. ఒక మనిషి జీవితకాలములోనే పొలముగట్టు ప్రక్కన ఎనిమిది వరుసల రహదారి వెలసినదన్నమాట.

ఈ సంగతి పంచాయతీ సభ్యులకు చెప్పుట నార్సింగిని పొగడుటకు కాదు. మోటారుబండి పట్టణమునకు మాత్రమే చెందినదను కాలము గడచినది. నేడు ఏ గ్రామమునకు పోయినను అద్దెకు తిరుగు కార్లు రెండో మూడో ఉండును. మన పిల్లలు వానిలో బడికి పోవుచున్నారు. రాత్రివేళ పురిటినొప్పులు వచ్చిన ఇల్లాలిని, 108 బండి మఱొకచోట నున్నపుడు, ఆ కారులోనే ఆసుపత్రికి చేర్చుచున్నారు. పెండ్లికిని, తిరునాళ్లకును, శవము వెంట పోవుటకును అదియే దిక్కు. అట్టి కారు ముందుబల్లపై ఒక చిన్న ఎఱ్ఱదీపము వెలిగినచో దాని అర్థమేమో నడుపువాడొక్కడే కాక ఎక్కువారును ఎఱిగియుండుట మేలని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

గత వర్షాకాలమున మేమొక పనిమీద గండిపేట వైపునుండి అద్దెకారులో నార్సింగికి వచ్చుచుంటిమి. బండి నడుపుచున్నవాడు పాతికేండ్లు మించని యువకుడు, ఆ చుట్టుప్రక్కల గ్రామమువాడే. మలుపు వచ్చినప్పుడెల్ల ఆతని యెదుటనున్న గడియారపు బిళ్లల నడుమ ఒక ఎఱ్ఱదీపము తళుక్కున వెలిగి ఆరిపోవుచుండెను. వలయము, వలయములో ఆశ్చర్యార్థకపు గుర్తు, దానికిరువైపుల రెండు వంపుగీతలు: ఇదియే ఆ దీపపు రూపము. ఏమని యడిగితిమి.

"అది రెండు నెలలసంది గట్లనే వెలుగుతది సార్. జర ఆయిల్ పోస్తే ఆరిపోతది. ఇప్పటికి మూడుసార్లు పోసిన" అని ఆతడు నిశ్చింతగా చెప్పెను.

ఆతడు అబద్ధమాడలేదు. నిర్లక్ష్యముగల వాడును కాడు. మూడుసార్లు తన డబ్బు పెట్టి సీసా కొన్నవాడు. ఆతనికి తెలియని దొక్కటియే. ఆ మూడుసార్లు పోసినది ఎక్కడికి పోయినది? ఈ ప్రశ్నను వేసికొననివాడు దీపమును ఆర్పగలడు గాని దోషమును ఆర్పలేడు. అవుటర్ మీదికి ఎక్కకుండ ప్రక్కబాటనే మెల్లగా పోయి, దగ్గఱనున్న మెకానిక్కు షెడ్డు ముందు బండి నిలుపుమని కోరితిమి. అక్కడ చూచినదేమో తరువాత చెప్పుదుము. ముందు బ్రేకు పనిచేయు విధమును తెలిసికొనవలెను.

కాలిబలము చక్రమునకు చేరు విధము

ఇల్లు కట్టు మేస్త్రీ మట్టము చూచుటకు నీరు నింపిన సన్నగొట్టమును వాడుట మీరందఱు చూచియున్నారు. ఒక కొనను ఎత్తినచో రెండవ కొనలో నీరు కదలును. ద్రవమును నొక్కి చిన్నది చేయజాలము. ఒకచోట నొక్కినచో ఆ నొక్కుడు గొట్టమంతట సమానముగ వ్యాపించును. పదునేడవ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి పండితుడు ఈ ధర్మమును నిరూపించెను. కారు బ్రేకు ఆ ధర్మము మీదనే నడచుచున్నది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ అను కారు నాలుగు చక్రములకును ఇట్టి ద్రవపు బ్రేకులతో అమ్మకమునకు వచ్చినది. అంతకుముందు కార్లకు కడ్డీలును, ఇనుపత్రాళ్లును వాడెడివారు. ఒక చక్రమునకు బిగువు ఎక్కువ, మఱొక చక్రమునకు తక్కువయై బండి ప్రక్కకు లాగెడిది.

పెడలును త్రొక్కినపుడు దాని వెనుకనున్న మాస్టరు సిలిండరులోని ముషలము ముందుకు జరిగి, అందలి బ్రేకు ఆయిలును పెన్సిలుకన్న సన్నని ఉక్కుగొట్టముల ద్వారమున చక్రములకు నెట్టును. చక్రము కడ మఱొక పెద్ద ముషలముండును. అది ప్యాడ్లను తెచ్చి తిరుగుచున్న డిస్కుకు ఒత్తును. వెనుక చక్రములకు డ్రమ్ములున్నచో షూలను లోపలినుండి డ్రమ్మునకు ఒత్తును. ఉదాహరణకు, కాలితో 20 కిలోల బరువుంచితిమనుకొందము. పెడలు ఒక మీటకోల వంటిది గనుక అది నాలుగింతలై 80 కిలోలగును. మాస్టరు సిలిండరు ముషలపు వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లయినచో ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 20 కిలోలు పడును. చక్రము కడనున్న ముషలము 20 చదరపు సెంటీమీటర్లున్నచో అచట 400 కిలోల ఒత్తుడు కలుగును. ఇంజను నడచుచున్నంతసేపు బూస్టరు అను డబ్బా దీనికి మఱికొంత బలమును చేర్చును. ముసలివాని కాలికి సైతము వెయ్యి కిలోల బండి లోబడుటకు కారణమిదియే.

ఇందులో ఒక్క షరతు కలదు. గొట్టమునిండ ద్రవమే యుండవలెను. గాలి చేరినదా, కథ మాఱిపోవును. గాలి నొక్కినకొలది కుంచించుకొనునది. కాలు పెడలును త్రొక్కును, పెడలు దిగును, కాని ఒత్తుడు చక్రమును చేరక గాలిబుడగలోనే అణగిపోవును. మాస్టరు సిలిండరుపై నుండు చిన్న తెల్లని ప్లాస్టిక్కు డబ్బా గొట్టములలోనికి గాలి చొరబడకుండ కావలి కాయుచున్నది. అందులో ఆయిలు మీద తేలు బెండు ఒకటి కలదు. ఆయిలు కనిష్ఠపు గీత దరికి దిగినపుడు బెండు దిగి దీపమును వెలిగించును. మలుపులో దీపము తళుక్కుమనుట కిదియే కారణము. బండి వంగినపుడు ద్రవము ఒక ప్రక్కకు పోయి, బెండు క్షణకాలము క్రుంగును. బ్రేకు వేసినపుడు, ఎత్తు ఎక్కినపుడు మాత్రమే వెలుగుటయు నిట్టిదే. తళుక్కుమనునది త్వరలో నిలిచి వెలుగబోవుచున్నదని గ్రహింపవలెను.

ఆయిలు ఎక్కడికి పోవును?

బ్రేకు ఆయిలు ఇంజను ఆయిలువలె కాలిపోవునది కాదు, రేడియేటరు నీటివలె ఆవిరియై తగ్గునది కాదు. మూసియున్న గొట్టములలో నుండునది. కనుక అది తగ్గినదనగా రెండే దారులు. ఒకటి కారిపోవుట. రెండవది బండిలోనే మఱొక చోటికి చేరుట. ఈ రెండవదానిని చాలమంది యెఱుగరు గనుక దానినే ముందు చెప్పుచున్నాము.

క్రొత్త ప్యాడు ఇంచుమించు 10 మిల్లీమీటర్ల మందముండును. వాడుకొలది అది అరుగును. అరిగినకొలది చక్రము కడనున్న ముషలము బయటికి జరిగి నిలుచును. దాని వెనుక ఏర్పడిన చోటును నింపుటకు పై డబ్బాలోని ఆయిలు దిగివచ్చును. బావిలో నీరు తగ్గి తొట్టిలో చేరినట్లే. నీరు పోలేదు, చోటు మాఱినది. కావున డబ్బాలోని మట్టము నెలనెలకు మెల్లగా దిగుచున్నచో ప్యాడ్లు అరుగుచున్నవని అర్థము. దీపము వెలుగునాటికి ప్యాడు పలుచబడి యుండును. 3 మిల్లీమీటర్లకు దిగిన ప్యాడును మార్చవలెనని మెకానిక్కులందురు. ఇట్టి స్థితిలో ఆయిలు పోసినచో దీపమారును, ప్యాడు అరుగుచునే యుండును. చివరకు ప్యాడు వెనుకనున్న ఇనుపరేకు డిస్కును గీయనారంభించును. కీచుమనుచు రంపపుకోత వంటి శబ్దము వినబడును. అప్పటికి డిస్కు కూడ చెడును. వందలతో పోవు ఖర్చు వేలకు చేరును. ఇదిగాక మఱొక చిక్కు. తరువాత క్రొత్త ప్యాడ్లు వేయునపుడు ముషలములను వెనుకకు నొక్కుదురు. దిగిన ఆయిలంతయు తిరిగి డబ్బాలోనికెక్కును. ఇదివఱకే నిండుగ పోసియుండుటచేత అది పొర్లి కారు రంగును తినివేయును.

ఇక కారిపోవుట. ఇది వెంటనే చూడవలసిన దోషము. చక్రములకు పోవు రబ్బరు గొట్టములు ఎండకు, దుమ్మునకు పగులును. డ్రమ్ము లోపలి చిన్న సిలిండరులోని రబ్బరుబిళ్ల చెడినచో ఆయిలు డ్రమ్ములోనికి ఊరి, టైరు లోపలివైపు గోడమీదుగా చారలు కట్టును. మాస్టరు సిలిండరే కారినచో చక్రముల కడ ఏమియు కనబడదు. పెడలుపై భాగమున కారులోపలనే తడి కనబడును; లేదా బూస్టరు డబ్బాలోనికే పోయి ఎవరికిని కనబడక యుండును. చాల కార్లలో క్లచ్చి కూడ ఇదే డబ్బాలోని ఆయిలుతో పనిచేయుచున్నది గనుక, క్లచ్చి గొట్టము కారినను బ్రేకుదీపమే వెలుగును. క్లచ్చి పెడలు మెత్తబడినది, గేర్లు పడుట కష్టమైనది అని నడుపువాడు చెప్పినచో మెకానిక్కు అటువైపు కూడ చూడవలెను.

బండిక్రింద కనబడు తడి యంతయు బ్రేకు ఆయిలు కాదు. రాత్రి బండిక్రింద ఒక పాత వార్తాపత్రికను పఱచి ఉదయము చూచినచో తెలియును. ఇంజను క్రింద నల్లగా, జిగటగా నున్నది ఇంజను ఆయిలు. చల్లనిగాలి యంత్రము నుండి కారునది ఉత్త నీరు, దానికి భయపడనక్కఱలేదు. చక్రములకు చేరువలో పలుచగా, లేతపసుపు లేక గోధుమరంగున, వ్రేళ్ల మధ్య జారుచున్నచో అది బ్రేకు ఆయిలు.

మా యువకుని బండిలో ఈ రెండు దోషములును కలిసియుండెను. మెకానిక్కు ముందుచక్రములను విప్పి చూపినపుడు ప్యాడు గోరంత మందము కూడ మిగిలియుండలేదు. వెనుక ఎడమచక్రపు డ్రమ్ము విప్పినపుడు లోపల షూలన్నియు తడిసి యుండెను. "గీ తడికే ఆ చక్రం పట్టుడు బంద్ అయింది, నీకు మూడే బ్రేకులు నడుస్తున్నయ్" అని ఆ మెకానిక్కు చెప్పగా, ఆ యువకుడు ఒక్కమాటయు పలుకక చాలసేపు డ్రమ్మువైపే చూచెను. ముందురోజు ఆ బండిలోనే తన చెల్లెలిని, ఆమె పసిబిడ్డను శంషాబాదు దాక తీసికొనిపోయి వచ్చెనట, అవుటర్ మీదుగా.

దీపము వెలిగిన తరువాత

తాళము తిప్పినపుడు ఈ దీపము ఒకసారి వెలిగి ఆరవలెను. అది బల్బు సరిగా నున్నదని తెలుపు గుర్తు. ఎన్నడును వెలుగకున్నచో సంతోషింపరాదు, బల్బు మాడియుండవచ్చును. హ్యాండ్ బ్రేకు వేసియున్నపుడును ఇదే దీపము వెలుగును. కనుక దారిలో వెలిగినచో మొదట హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగినదో లేదో చూడవలెను. సగము దిగిన హ్యాండ్ బ్రేకుతో ఊళ్లుదాటి పోయి, చక్రము కాలి పొగలు వచ్చినవారిని మే మెఱుగుదుము.

హ్యాండ్ బ్రేకు కారణము కానిచో, వేగము తగ్గించి, వెనుకవారికి సంజ్ఞ చూపుచు, ఎడమ అంచునకు చేరి నిలుపవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనులో 17 మీటర్లు పోవును. 100 కిలోమీటర్ల వేగమున 28 మీటర్లు పోవును. వేగము రెండింతలయినచో ఆపుటకు పట్టుదూరము రెండింతలు కాదు, నాలుగింతలు. అందుచేత వేగము తగ్గించుటయే మొదటి వైద్యము. అవుటర్ వంటి మార్గమున నిలుపవలసివచ్చినచో నాలుగు మూలల దీపములను వెలిగించి, మనుషులందఱు ఎడమవైపు తలుపుల నుండి దిగి, కమ్మీకావల నిలువవలెను. కారులోనే కూర్చుండుట, కారు వెనుక నిలుచుట ప్రమాదకరము.

పెడలు నేలకు తగులునంతగా దిగిపోయినచో ఏమి చేయవలెను? భయపడి ఇంజను ఆపరాదు. ఆపినచో బూస్టరు బలము పోవును, స్టీరింగు బిగియును. పెడలును వెంటవెంటనే పలుమాఱులు త్రొక్కవలెను. నేటి కార్లలో మాస్టరు సిలిండరుకు రెండు విడివిడి భాగములుండును. చాల కార్లలో ఒక భాగము ముందు కుడి, వెనుక ఎడమ చక్రములకును, మఱొకటి తక్కిన రెంటికిని పోవును. ఒకటి చెడినను రెండవది ఎంతోకొంత పట్టును. గేర్లను ఒకటి తరువాత ఒకటి తగ్గించినచో ఇంజనే బండిని ఆపుచు వచ్చును. చివరగా హ్యాండ్ బ్రేకు. దానిని ఒక్కసారి లాగినచో వెనుకచక్రములు బిగిసి బండి తిరుగబడును; కొంచెము కొంచెముగ లాగవలెను.

బండి నిలిచినపిదప బానెటు ఎత్తి చూచినచో, సాధారణముగ నడుపువాని యెదుటి గోడవద్ద ఆ తెల్లని డబ్బా కనబడును. బండి సమమైన నేలపై నుండవలెను. డబ్బాపై గరిష్ఠము, కనిష్ఠము అను రెండు గీతలుండును; మూత తీయకయే మట్టము తెలియును. ఆ పిమ్మట పెడలు నాడి చూడవలెను. ఇంజను నడచుచుండగా పెడలును గట్టిగ త్రొక్కి ఒక నిమిషము అట్లే యుంచవలెను. గట్టిగా నిలిచినచో మేలు; మెల్లమెల్లగా క్రిందికి దిగుచున్నచో ఎక్కడో కారుచున్నదని నిశ్చయము.

మట్టము కనిష్ఠపు గీత దరి నున్నది, పెడలు గట్టిగ నున్నది, ఎక్కడను తడి లేదు; అట్లయినచో మెల్లగా దగ్గఱి షెడ్డు వఱకు నడుపవచ్చును, ప్యాడ్లను చూపించవలెను. మట్టము గీతకు మిక్కిలి దిగువన నున్నను, పెడలు మెత్తనై స్పాంజివలె నున్నను, తడి కనబడినను ఆ బండి అక్కడినుండి తన చక్రములపై కదలరాదు. త్రాడుకట్టి మఱొక బండితో లాగించుట మన గ్రామములలో అలవాటు. బ్రేకులేని బండిని త్రాటితో లాగినచో ముందుబండి ఆగినపుడు వెనుకబండి దానిని గ్రుద్దకుండ ఎవరాపుదురు? దానిని ఎక్కించుకొని పోవు బండినే పిలువవలెను. మట్టము నిండుగనే యున్నను దీపము ఆరనిచో బెండో తీగయో చెడియుండవచ్చును. దానితోపాటు ఏబీఎస్ అను పసుపుదీపము కూడ వెలుగుచున్నచో, చక్రముల మధ్య బ్రేకుబలమును పంచు ఏర్పాటు చెడియుండవచ్చును. అపుడు గట్టిగ బ్రేకు వేసినచో వెనుకచక్రములు బిగియు నపాయము కలదు.

చట్టమును కూడ ఒక్కమాటలో చెప్పుదుము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 96వ నియమము బ్రేకులను గూర్చినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 190వ విభాగము ప్రకారము, ప్రమాదము కలిగించు దోషమున్నదని ఎఱిగియు బండిని నడుపుట నేరము. దీపము వెలుగుచుండగా రెండు నెలలు నడిపినవాడు ఎఱుగననుట ఎట్లు?

సీసాలోని ద్రవము

మనము దీనిని బ్రేకు ఆయిలు అందుము గాని నిజమునకిది నూనె కాదు. గ్లైకాలు జాతి రసాయనములతో చేసినది. పేరును నమ్మి ఇందులో ఇంజను ఆయిలో, కొబ్బరినూనెయో పోసినవారు లేకపోలేదు. అసలైన నూనె తగిలినచో బ్రేకులోని రబ్బరుబిళ్లలన్నియు ఉబ్బి చెడును. మాస్టరు సిలిండరు మొదలుకొని చక్రముల దాక అన్నిటిని మార్చవలసివచ్చును. ఏ ద్రవము వాడవలెనో డబ్బా మూతపైననే వ్రాసియుండును: డాట్ 3 అనియో, డాట్ 4 అనియో. డాట్ 5 అనునది వేఱు జాతి, సిలికోను ద్రవము. దానిని వీనితో కలుపరాదు. సంఖ్య పెద్దది గనుక మంచిదని దుకాణదారుడు చెప్పినను నమ్మరాదు.

ఉప్పును మూతలేని కుండలో వర్షాకాలమున ఉంచినచో ఏమగునో మన ఇంటి ఆడవారికి తెలియును. ఈ ద్రవమును అంతే; గాలిలోని తేమను పీల్చుకొనును. రబ్బరు గొట్టముల గుండ సైతము కొంచెము కొంచెముగ తేమ చేరును. తేమ చేరినచో మరుగుటకు కావలసిన వేడి తగ్గును. ప్రమాణముల ప్రకారము క్రొత్త డాట్ 3 ద్రవము కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరుగరాదు. తేమ పీల్చిన పిమ్మట అది 140 డిగ్రీలకే మరుగవచ్చును. డాట్ 4 విషయమున ఈ సంఖ్యలు 230, 155. బ్రేకు వేసినప్పుడెల్ల బండివేగము వేడిగా మాఱును. దిగుడుబాటలో ఆగక బ్రేకు త్రొక్కుచు వచ్చినచో ఆ వేడి ద్రవమును మరిగించును, ఆవిరి బుడగలు పుట్టును, ఆవిరియు గాలివంటిదే. కొండపైన గట్టిగనున్న పెడలు సగము దిగునప్పటికి మెత్తబడును. దీపము వెలుగదు, మట్టము నిండుగనే యుండును. అందుచేతనే మట్టముతో నిమిత్తము లేకుండ ఇంచుమించు రెండేండ్ల కొకమాఱు ద్రవమును పూర్తిగ మార్చవలెను. కారుతో ఇచ్చు పుస్తకములో ఎన్నాళ్లని యున్నదో చూడవలెను. క్రొత్తది లేతపసుపు, పాతది కాఫీరంగు.

శ్రీశైలమునకును, తిరుమలకును మన గ్రామములనుండి నిండుబండ్లు పోవుచుండును. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాటుమార్గము నేడు దిగుటకే వాడుచున్నారు. ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకును ఆ గేరే యని పాత డ్రైవర్లు చెప్పుట వింటిమి. వారు చెప్పినది సరియైన శాస్త్రము. బరువును మఱువరాదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లాలోని కొండగట్టు నుండి, పరిమితికి మించిన జనముతో దిగుచున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో పెక్కురు చుట్టుప్రక్కల గ్రామములవారే. బస్సుబ్రేకు వేఱు విధమైనది, గాలితో పనిచేయునది. ఆ యపాయకారణములను ఇచట విచారింపము. కాని ఐదుగురు కూర్చుండవలసిన కారులో తొమ్మిదిమందిని ఎక్కించి ఘాటు దింపువారు ఆ దినమును జ్ఞాపకముంచుకొనవలెను.

సీసా కొనునపుడు సీలు ఊడనిదే కొనవలెను. ఒకమాఱు తెఱచి నెలల తరబడి షెడ్డు అలమరలో నుంచినది పనికిరాదు. అప్పటికే తేమ పీల్చియుండును. మూత తీయుటకు ముందు డబ్బాచుట్టునున్న దుమ్మును శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. ఒక ఇసుకరేణువు చాలును, లోపలి రబ్బరు చీలుటకు. రంగుపై ఒలికినచో తుడిచి ఊరకుండక నీటితో కడుగవలెను. ఇది విషము, కంటబడరాదు, పిల్లలకు అందరాదు. త్రాగునీటి సీసాలలో పోసి దాచు దురలవాటును షెడ్లవద్ద మేము చూచియున్నాము, కాలువలలో పారబోయుటయు చూచితిమి. నార్సింగి చుట్టుప్రక్కల కాలువలు తుదకు మూసీకే చేరును. పంచాయతీ ఈ రెంటిని చూచీచూడనట్లు ఊరకుండరాదు.

గొట్టములు విప్పి బిగించిన పిదప గాలి తీయుట తప్పనిసరి. ఒకడు పెడలు త్రొక్కుచుండగా మఱొకడు చక్రము కడ నిపులు వదులుచేసి, బుడగలు పోయి ద్రవము మాత్రమే వచ్చువఱకు తీయుదురు. త్రొక్కినవాడు నిపులు బిగించకమునుపే కాలెత్తినచో గాలి తిరిగి లోపలికి పోవును. ఈ పని ఇంటివద్ద నేర్చుకొనదగినది కాదు. మెకానిక్కు చేయుచున్నపుడు ప్రక్కన నిలిచి చూచుట మాత్రము మంచిది.

ఇక పంచాయతీ పని. గ్రామపు బడిపిల్లలను ఎక్కించుకొని పోవు బండ్లను, ఆసుపత్రికి పిలుచు అద్దెకార్లను నెలకొకనాడు పంచాయతీ కార్యాలయము ముందు నిలిపించి, తాళము తిప్పి దీపము వెలిగి ఆరుట, డబ్బాలో మట్టము, పెడలు గట్టిదనము, చక్రముల లోపలివైపు తడి, ఈ నాలుగింటిని చూచుటకు ఒక్కొక్క బండికి పది నిమిషములు చాలును. తేదీయు, మట్టమును ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. ఆయిలు పోసినచో అదియు వ్రాయవలెను. మా యువకుడు మూడుసార్లు పోసినమాట ఎక్కడనైన వ్రాసియున్నచో రెండవసారికే ఎవరో ఒకరు ఏలయని అడిగియుందురు.

తెలంగాణములో గ్రామపంచాయతీలకు ట్రాక్టరును, ట్రాలీని, నీళ్లట్యాంకరును సమకూర్చియున్నారు గనుక దానిని గూర్చియు ఒకమాట. చాల ట్రాక్టర్లకు కారువంటి ఆయిలు డబ్బాయు, ఎఱ్ఱదీపమును ఉండవు. బ్రేకు కడ్డీలతో పనిచేయును, ముందుగా చెప్పు దీపము లేదు. కుడి ఎడమ చక్రములకు రెండు వేఱు పెడళ్లుండును. దుక్కిలో మలుపు తిప్పుటకు వానిని విడిగా వాడుదురు. రోడ్డెక్కుటకు ముందు ఆ రెండు పెడళ్లను కలుపు కొక్కెమును తప్పక వేయవలెను. లేనిచో ఒక ప్రక్కనే బ్రేకుపడి, నిండుట్యాంకరుతోనున్న ట్రాక్టరు అడ్డముతిరుగును. ట్రాలీకి సాధారణముగ బ్రేకే యుండదు. వెనుకనున్న బరువంతయు ఆ రెండు పెడళ్ల మీదనే యాధారపడినది. మీ పంచాయతీ ట్రాక్టరునకు ఆ కొక్కెము ఉన్నదో, తుప్పుపట్టి ఊడిపోయినదో రేపు ఉదయము నీళ్లకు పోవుటకు ముందు చూడుడు.